ఊపిరికి సరిపడే పాట

చోడవరంలో నన్ను మ్యూజిక్ టీచర్ అనేవారు. స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పడం, ఆగస్టు పదిహేనుకి బ్యాండు వాయించేలా చేయడం, వార్షికోత్సవానికి కోయిర్‌ని నిలబెట్టడం నా పని అని అందరూ అనుకునేవారు. జీతం కూడా ఆ పనికే ఇచ్చారు. నా మటుకు నాకు అసలు పని అంతకు ముందే జరిగేది. ఎవరి ముందు ఏ నొటేషన్ కాయితం పెట్టాలో తేల్చుకోవడమే ఆ పని. కాయితం స్టాండు మీదికి వచ్చాక మిగిలేది సాధన. ఎంపిక తప్పయితే ఎంత సాధన చేసినా ఆ తప్పునే ఇంకాస్త గట్టిగా వాయిస్తాం.

స్కూలు బ్యాండుకే కాదు, ఊళ్లో చర్చి కోయిర్‌కి, పెళ్ళిళ్ళకు వెళ్ళే బ్యాండు మేళానికి, పోటీల్లో ఒక్కరే నిలబడి పాడే పిల్లలకు కూడా నేనే పాటలు ఎంచి పెట్టేదాన్ని. ఎవరో ఒకరు అడగడం, నేను కాదనలేకపోవడం, అలా అలవాటైపోయింది. రిటైరయ్యాక కూడా అడగడం మానలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ముందే చెప్పేస్తాను. ఇది భయపడుతూ చేసే పని. పాట ఇచ్చిన దగ్గర్నుంచి సభ ముగిసేదాకా నాకు అన్నం సరిగ్గా దిగేది కాదు. పై స్వరం అందుకోలేక ఒక పిల్ల నలుగురిలో నోరు మూసుకుంటే, ఆ పిల్ల మళ్ళీ జన్మలో పాడదేమోనని బెంగ. అనుభవం వస్తే భయం పోతుందని కొందరు చెబుతారు. నాకు పోలేదు. ఏ విషయానికి భయపడాలో మాత్రం కాస్త తెలిసింది.

అట్ట మీద మాట

ఉద్యోగంలో చేరిన కొత్తలో విశాఖపట్నం వెళ్ళి బ్యాండు పాటల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాను. అట్ట మీద 'సులభం' అని అచ్చు వేసి ఉంది. ఎవరికి సులభమో వేయలేదు. క్లారినెట్‌లో కింది స్వరాల నుంచి పై స్వరాలకు వెళ్ళే చోట ఒక గడప లాంటిది ఉంటుంది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న వేళ్ళన్నీ ఒక్కసారిగా రంధ్రాలు మూయాలి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు అక్కడ కీచుమని అరుస్తుంది. ఈ 'సులభమైన' పాట ప్రతి వరుసలోనూ ఆ గడప దాటించేది. అట్ట రాసినవాళ్ళకు మన పిల్లలు తెలియరు. అందుకని అట్టను నమ్మొద్దు, పక్క స్కూల్లో బాగా కుదిరిందన్న మాట కూడా నమ్మొద్దు.

అప్పటి మా హెడ్మిస్ట్రెస్ గారికి సంగీతం రాదు. ఆ పుస్తకం తిరగేసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఇందులో ఊరికే కూర్చునేది ఎవరమ్మా?"

చూస్తే, పెద్ద బాకా వాయించే అమ్మాయికి పేజీలో సగానికి పైగా విరామాలే.

"ఆ గుంట పొద్దున్నే కె.కోటపాడు నుంచి బస్సెక్కి వస్తాది. ఇక్కడ కూర్చుని విరామాలు లెక్కెట్టుకోడానికా?" అన్నారావిడ.

నేను కలిసి పనిచేసిన పెద్దల్లో ఆవిడ మాటే ఎక్కువకాలం పనికొచ్చింది. ఆవిడ తర్వాత వచ్చిన ఇంకో ఆయన పద్ధతి వేరు. "చీఫ్ గెస్టు వస్తన్నారు మేడమ్, పెద్ద పాటుండాలి" అనేవారు. పెద్ద పాట అంటే ఆయన ఉద్దేశం చాలాసేపు సాగేదని. చీఫ్ గెస్టు ఆ పాట సాగినంతసేపూ ఫోను చూసుకునేవాడు. ఆయన కోసం పాట ఎంచడం దండగ. వాయించేవాళ్ళ కోసం ఎంచాలి, వాళ్ళు బాగుంటే వినేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వింటారు.

చర్చి కోయిర్‌లో ఇబ్బంది ఇంకో రకం. ఆడవాళ్ళ గొంతులు నిండుగా ఉండేవి. మగవాళ్ళలో పై శ్రుతి పాడే టెనార్లు ఇద్దరే. ఒకాయన లారీ డ్రైవరు, వారంలో సగం ఊళ్లో ఉండడు. నాలుగు గుంపులు నాలుగు వరుసల్లో పాడే నాలుగు గొంతుల పాట పెడితే ప్రతి ఆదివారం నా కళ్ళు గుమ్మం వైపే ఉండేవి. చివరికి మూడు గొంతుల పాటలకు మారిపోయాను. పాస్టరుగారు మొదట నొచ్చుకున్నారు, తగ్గించేశామన్నట్టు. ఉన్నవాళ్ళతో నిండుగా వినిపించాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇవన్నీ నాకు తెలిసినవే. అయినా రిటైరైన తర్వాత, ఇక ఇలాంటి చిక్కులు ఉండవులే అనుకున్న సమయంలో, సిలార్ గారి విషయం వచ్చింది. నా ఉద్యోగం మొత్తంలో అంతగా ఏ పాటకూ భయపడలేదు.

ముగ్గురూ వచ్చారు

సిలార్ గారు మా ఊరి అప్పలనాయుడు నడిపే పెళ్ళి బ్యాండులో క్లారినెట్. వాళ్ళ మేనమామ మిలిటరీ బ్యాండులో పనిచేసి వచ్చి, ఆయనకు చిన్నప్పుడే నొటేషన్ చదవడం నేర్పాడట. ఇటు వడ్డాది నుంచి అటు చీడికాడ దాకా పెళ్ళి ఊరేగింపుల్లో ఆయన పేరు తెలియనివాళ్ళు లేరు. ఒక స్వరం పట్టుకున్నారంటే వదిలేవారు కాదు. డప్పులవాళ్ళు చేతులు ఆపి చూసేవారు. కుర్రాళ్ళు ఈలలు వేసేవారు. ఆ స్వరం వదిలాక ఆయన నవ్వే నవ్వు కోసమే కొందరు మేళం వెంట నడిచేవారు.

ఆయనకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. విశాఖ పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంచారు. బతికి ఇంటికొచ్చారు గానీ, మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు వాయించొద్దని అనలేదు. ఒళ్ళు ఆపమంటే ఆపెయ్యాలి అన్నారు. ఆ మాటకు ఎవరి అర్థం వాళ్ళు చెప్పుకున్నారు.

అదే సమయంలో వడ్డాది దగ్గర కొత్త చర్చి ప్రారంభం వచ్చింది. మా కోయిర్ పాడాలి, అప్పలనాయుడి బ్యాండు వాయించాలి, మధ్యలో క్లారినెట్ సోలో ఒకటి ఉండాలి. పాట నన్ను ఎంచమన్నారు.

మొదట అప్పలనాయుడు వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"టీచరమ్మా, కష్టమైన పాటే ఎట్టండి. ఆయన వాయించగలడో నేదో దీంతో తేలిపోవాల. సీజనొస్తంది. కీబోర్డు ఎట్టుకో, ఆయన్ని మానిపించీమని మావోళ్ళు పోరు పెడతన్నారు. ఊరేగింపు మద్దెలో ఆయనకేటైనా అయితే నానేటి సెప్పాల?"

అతని మాటలో కోపం లేదు. భయమే ఉంది. అందుకే గట్టిగా ఏమీ అనలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే సిలార్ గారి భార్య ఫాతిమా వచ్చింది. లోపలికి రమ్మంటే గుమ్మం దగ్గరే నిలబడింది.

"సిన్న పాటేదైనా ఇయ్యండమ్మా. ఊపిరెక్కువ పట్టనిది. నానొచ్చి సెప్పినట్టు ఆయనకి తెలీకూడదు. తెలిస్తే అసలు ముట్టుకోడు."

ఆ సాయంత్రమే సిలార్ గారు కూడా వచ్చారు. మనిషి సగానికి సగం తగ్గిపోయారు. వీధి మలుపు నుంచి మా ఇంటికి నడిచి రావడానికే రెండుసార్లు ఆగారని తర్వాత పక్కింటావిడ చెప్పింది. నా ముందు మాత్రం ఏమీ లేనట్టే ఉన్నారు.

"మన పాత పాటే ఎట్టండి టీచరమ్మా. కోయిరంతా కిందుంటాది, నాను పైన పట్టుకుంటాను సూడండి, అది."

అది నేనే చాలా ఏళ్ళ కిందట కోయిర్ కోసం రాసి ఇచ్చిన నెమ్మదైన స్తుతి గీతం. అందులో క్లారినెట్‌కి ఒక పై స్వరం ఉంది. కోయిర్ నాలుగు బార్లు, అంటే నాలుగు తాళావర్తాలు, పాడుతుంటే అది మీద నిలిచి ఉండాలి. ఆయన ఊపిరి చూసే రాశాను దాన్ని. అప్పటి ఊపిరిని.

ముగ్గురూ వెళ్ళాక బీరువాలోంచి నొటేషన్ కాయితాలన్నీ తీసి మంచం మీద పరిచాను. ఏది చూసినా భయమే. కష్టమైనది ఇస్తే మనిషికి ఏమవుతుందో. తేలికైనది ఇస్తే ఆయనకు తెలిసిపోతుంది. నలభై ఏళ్ళు వాయించినాయన, కాయితం చూడగానే తనను ఎంతగా అంచనా కట్టారో పట్టేస్తారు.

విన్నాను

మర్నాడు ఏదో వంక పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. శ్రుతి చూసుకోవాలి, కాస్త వినిపించమన్నాను. ఫాతిమా టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళి, గిన్నె చప్పుడైనా కాకుండా నిలబడిపోయింది.

ఆయన ముందు పై స్వరాలే వాయించారు. స్వరం బాగానే వచ్చింది. రెండో వరుసకి భుజాలు లేవడం మొదలైంది. మూడోదానికి స్వరం చివర సన్నగా గాలి శబ్దం. ఆపేసి, నోటి దగ్గరి రీడు పుల్ల బాగోలేదన్నారు. రీడులో ఏ తప్పూ లేదు.

తర్వాత ఊరికే, వేళ్ళు సర్దుకోవడానికన్నట్టు, కింది స్వరాల్లో నాలుగు ముక్కలు వాయించారు. నేను కప్పు కింద పెట్టేశాను. ఆ కింది స్వరాలు పెళ్ళిళ్ళలో ఎప్పుడూ వినలేదు, డప్పుల్లో అవి వినపడవు. ముదురుగా, దగ్గరగా కూర్చుని ఎవరో మాట్లాడుతున్నట్టు ఉన్నాయి. అక్కడ ఆయన తక్కువ గాలితోనే నడిపిస్తున్నారు.

ఇంటికి వచ్చి వేరే పాట తీశాను. క్లారినెట్ కింది స్వరాల్లోనే ఉంటుంది. కోయిర్ ఒక మాట పాడుతుంది, క్లారినెట్ చిన్నగా బదులు చెబుతుంది. కోయిర్ పాడేంతసేపూ ఆయన ఊపిరి తీసుకోవచ్చు. ఎక్కడెక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో కామాలు పెట్టాను. అయినా మనసు కుదుటపడలేదు. ఆయన ఒప్పుకోకపోతే ఎలా అని పాత పాటకూ ఒక ఏర్పాటు చేశాను. ఆయన పట్టుకునే పై స్వరాన్నే ఆడవాళ్ళలో ఒక వరుసకు మెల్లగా పాడమని రాశాను. ఆయన మధ్యలో వదిలినా ఖాళీ వినపడదని.

కాయితం మడిచి ఇచ్చేశారు

చోడవరం చర్చి హాల్లో రిహార్సల్. కోయిర్, బ్యాండు అంతా ఉన్నారు. అప్పలనాయుడు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సిలార్ గారు కొత్త కాయితం చూశారు. మొదటి పేజీ సగం దాటకుండానే మడిచి నా చేతిలో పెట్టారు.

"ఇది పాట కోసం రాసేరా టీచరమ్మా, నా జబ్బు కోసం రాసేరా?"

అబద్ధం చెప్పే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

"మీ ఊపిరి విని ఎంచాను. టెనార్లు ఇద్దరే ఉన్నారని మూడు గొంతుల పాట ఎంచలేదూ? ఇదీ అంతే."

"ఆళ్ళు ఇద్దరున్నారు. నానొక్కడినే ఉన్నాను. ఆ ఒక్కణ్ణి కూడా తగ్గించీసేరు" అన్నారాయన. "పాతదే ఎట్టండి. అందరూ ఉన్నారు గదా, సూడనీండి."

పెట్టకపోతే ఆయన వెళ్ళిపోతారు. పెడితే ఏమవుతుందో తెలియదు. పెట్టాను. చెయ్యి ఎత్తి మొదలెట్టించాను.

మొదటి భాగం బాగా నడిచింది. ఎంత బాగా అంటే, నేనే పొరపడ్డానేమో అనిపించింది. పై స్వరం వచ్చింది. పట్టుకున్నారు. ఒక బారు, రెండు బార్లు. మూడో బారులో స్వరం చీలలేదు, తప్పలేదు, ఆగిపోయింది. కింద ఆడవాళ్ళు అదే స్వరం పాడుతూనే ఉన్నారు. ఆయన స్టాండు పట్టుకున్నారు. పెదవులు నల్లబడ్డాయి. లారీ డ్రైవరు టెనార్ పరుగున వచ్చి వెనక నుంచి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఎవరో నీళ్ళు తెచ్చారు, ఎవరో ఆటో పిలిచారు. నాకు చెయ్యి దించాలని కూడా తోచలేదు.

కాసేపటికి ఊపిరి అందింది. ఆసుపత్రికి ఎంత చెప్పినా రానన్నారు. ఆటోలో ఇంటికి పంపాం. అప్పలనాయుడు నా దగ్గరికి వచ్చి తల దించుకుని, "సూసేరు గదా టీచరమ్మా" అన్నాడు. అంతే.

తర్వాత రెండు రోజులూ ఎలా గడిచాయో చెప్పలేను. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. నా అంతట నేను ఫోన్ చేయడానికి భయం. ఫాతిమా గుమ్మం దగ్గర నిలబడి అడిగిన మాటే చెవుల్లో. అందరి మాటా కాదనలేక, చివరికి ఏ ఒక్కరికీ మేలు చేయలేదేమో అనుకున్నాను. ఈ వృత్తిలో ఇలాంటి రోజులు వస్తాయి. ఎవరూ వచ్చి ఓదార్చరు, ఓదార్చినా వినపడదు.

మూడో రోజు ఫోన్లో సిలార్ గారి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. తెరవడానికే కొంతసేపు పట్టింది. మాటలు లేవు, క్లారినెట్. కింది స్వరాలు. నేను ఎంచిన రెండో పాట. కాయితం మడిచి ఇచ్చేశారు గదా, ఎలా వాయిస్తున్నారని ఆశ్చర్యపోయాను. కోయిర్‌లో ఎవరి దగ్గరో అడిగి తెప్పించుకున్నారట. పాట మధ్యలో ఆపి మాట్లాడారు.

"టీచరమ్మా, మీరెట్టిన కామాల దాకా నాకు ఊపిరందట్లేదు. కాసింత ముందే తీసుకుంటన్నాను, ఇలగ. కోయిరోళ్ళని అక్కడ కాసింత గట్టిగా పాడమనండి. మాటాడకండి, ముందినండి."

విన్నాను. ఆయన చెప్పిందే సరి. నేను పాట చూసి కామాలు పెట్టాను, ఆయన తన ఒంటిని చూసి పెట్టుకున్నారు. పెన్సిల్ గుర్తులన్నీ చెరిపేసి మళ్ళీ రాశాను.

వడ్డాదిలో

ప్రారంభం రోజు ఎండ బాగా కాసింది. చర్చి బయట షామియానా. ఫాతిమా ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో కూర్చుంది. ఆయనకు కుర్చీ వేయించాను. ఏమంటారోనని చూశాను, క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

కోయిర్ మొదటి మాట పాడింది. క్లారినెట్ బదులు వచ్చింది. నెమ్మదిగా, కింద నుంచి. షామియానా వెనక వంటల దగ్గర మాటలు తగ్గాయి. ప్రతి విరామంలోనూ నా గుండె ఆయన ఊపిరితో పాటు ఆగేది. మళ్ళీ వస్తుందా? వచ్చింది. మళ్ళీ? వచ్చింది. సగం దాటాం.

చివరి భాగం ముందు ఒక చోట కోయిర్ మాటలు లేకుండా 'ఆ' అని నిలబడుతుంది. ఆ బారు తర్వాత ఆయన అందుకోవాలి. చెయ్యి చూపించాను. ఆయన అందుకోలేదు. కళ్ళు మూసుకుని ఉన్నారు. క్లారినెట్ ఒళ్లో ఉంది.

ఫాతిమా సగం లేచింది. కోయిర్ అంతా నా ముఖంలోకి చూస్తున్నారు. ఆపితే అందరికీ తెలిసిపోతుంది, ఆపకపోతే ఏం చేయాలి? ఎడమ చేత్తో, ఇంకోసారి, అన్నట్టు తిప్పాను. వాళ్ళు అదే 'ఆ' మళ్ళీ పాడారు. ఆ ఒక్క బారు నాకు ఊరి చివర దాకా సాగినట్టుంది. అప్పుడు ఆయన కళ్ళు తెరిచి, క్లారినెట్ నోటికి ఆనించి, ఎక్కడ వదిలారో అక్కడి నుంచి అందుకున్నారు. చివరిదాకా తీసుకెళ్ళారు. పాట అలాగే రాసి ఉందనుకున్నారు వినేవాళ్ళు. పాస్టరుగారు కూడా, ఆ ఆగడం చాలా బాగుందమ్మా అన్నారు.

అప్పలనాయుడు ఆయన కుర్చీ దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"మామా, ఊరేగింపులకి కీబోర్డు ఎట్టీసుకుంటాను. నడిసే పనొద్దు నీకు. కూసుని వాయించీ పోగ్రాములన్నీ నీవే. కాదనకు."

సిలార్ గారు వెంటనే ఒప్పుకోలేదు. ఆయన నలభై ఏళ్ళూ నడిచిన పని అది. క్లారినెట్ ముక్కలు విప్పుతూ, తుడుస్తూ, చాలాసేపు ఉన్నారు. "ఊరేగింపులో జనం కోసం వాయించేను గదరా" అని, ఇంకాసేపటికి, "సరే" అన్నారు. ఆ 'సరే'లో ఎంత కష్టం ఉందో అప్పలనాయుడికీ తెలిసింది. పెట్టె తనే మోసుకొచ్చి వ్యాన్‌లో పెట్టాడు.

తిరిగి వస్తుంటే వ్యాన్‌లో నా ముందు సీట్లో ఆయనా, ఫాతిమా కూర్చున్నారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకునే ఉంది. అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"అక్కడ ఎందుకాగారు? ఊపిరి అందలేదా?"

ఆయన వెనక్కి తిరిగారు.

"ఊపిరుంది టీచరమ్మా. ఇన్నాళ్ళూ ఆళ్ళ మీంచి వాయించీడమే గానీ, ఆళ్ళు పాడతంటే నానెప్పుడూ ఇన్నేదు. ఒక్కపాలి ఇందావనిపించింది."

ఫాతిమా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. అది నిజమో, మా ఇద్దరి భయం చూసి చెప్పిన మాటో నాకిప్పటికీ తెలియదు. ఇంటికి వచ్చి ఆ పాట నొటేషన్ కాయితం తీసి, ఆ చోట క్లారినెట్‌కి ఒక బారు ఖాళీగా రాశాను. ఇప్పుడు ఎవరు వాయించినా అక్కడ ఆగి, కోయిర్ పాడేది వింటారు.